బండికి ముసుగు

మిడిల్‌బరీ, ఇండియానా
సెప్టెంబరు 18, 1991

ఫెర్న్ వదినకు,

ప్రభువు నామంలో వందనాలు.

ప్రతి ఆదివారం ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, ఈ కాగితం ఎందుకని మీరు అనుకుంటారు. మా ఫోను వంటింటి గోడకుంది. దాని పక్కనే మీ తమ్ముడు ఎల్డన్ కుర్చీ. నేను మీతో అనే ప్రతి మాటా ఆయన కాఫీలోనే పడుతుంది. ఆయన వినకుండా మిమ్మల్ని ఒకటి అడగాలని నెల రోజులుగా అనుకుంటున్నాను. ఇవాళ ఆయన కోళ్ళ దాణా కోసం బజారుకి వెళ్ళాడు. అందుకే ఎన్నో ఏళ్ళ తర్వాత కలం పట్టుకున్నాను.

ఈ చలికాలం మా ట్రైలర్‌కి ముసుగు వేయమని మీరు ఎల్డన్‌కి ఒక ఉత్తరం రాయాలి.

మీకు తెలుసుగా, వేసవిలో కారు వెనక తగిలించుకొని వెళ్ళే ఆ ఇరవై ఒక్క అడుగుల ఇంటిబండి పెరట్లో కొట్టం పక్కన ఆరుబయటే ఉంటుంది. కొన్న ఈ పంతొమ్మిదేళ్ళలో దాని మీద గుడ్డముక్క కూడా పడలేదు. అక్టోబరు రాగానే ఎల్డన్ నిచ్చెన వేసుకొని పైకెక్కుతాడు. కప్పు మీద అతుకులన్నీ చేత్తో తడిమి, పగిలిన చోట లప్పం పెడతాడు. మంచు పడిన ప్రతిసారీ చీపురు తీసుకొని మళ్ళీ ఎక్కుతాడు. ముసుగు వేసిన బండి తన ఊపిరికి తానే కుళ్ళిపోతుందని ఆయన మాట. ముప్పై నాలుగేళ్ళు ఫ్యాక్టరీలో ట్రైలర్లకు కప్పులు వేసిన మనిషికి నేనేం చెప్పను? ఒకసారి మెల్లగా అడిగాను. నా తలమీద ప్రార్థన ముసుగు వైపు చూసి, "అది నీకు అందంగా ఉంది వెర్డా, నా బండికి బాగుండదు" అని నవ్వేశాడు.

ఆయనకు యాభై ఏడు వచ్చాయి. ఈ ఏడు నిచ్చెన ఎక్కకుండా ఉంటే బాగుండునని నాకుంది. అంతకన్నా కారణం అడగకండి. నేను చెబితే నవ్వుతాడు, మీరు చెబితే వింటాడు. చిన్నప్పటినుంచీ మీ మాట ఆయన దాటింది లేదు.

నిన్న బండి లోపల తుడుస్తుంటే విల్మర్ అన్నయ్య నీలం కాఫీ కెటిల్ దొరికింది. అన్నయ్య ఉన్న ఆ చివరి జూలైలో మా అల్మరాలో ఉండిపోయినట్టుంది. సరస్సు ఒడ్డున మీ బండి, మా బండి తలుపుకి తలుపు ఎదురుగా పెట్టుకొని, మధ్యలో ఒకే దండెం కట్టుకునేవాళ్ళం. ఎవరి తువ్వాలు ఎవరిదో తెలిసేది కాదు. కెటిల్ తోమి మళ్ళీ అక్కడే పెట్టాను.

మీ మరదలు,
వెర్డా


సరసోటా, ఫ్లోరిడా
సెప్టెంబరు 29

మరదలా,

నీ చేతిరాత చూసి గుండె ఆగినంత పనయింది. మన ఇళ్ళలో ఉత్తరం అంటే చావు కబురో పెళ్ళి పిలుపో. కుర్చీ వెతుక్కొని కూర్చొని చదివాను. చదివి నవ్వాను. ముసుగా? యాభై ఏడు కూడా ఒక వయసేనా? నాకు అరవై మూడు. మూడు చక్రాల సైకిలెక్కి రోజూ కూరగాయలకు వెళ్తున్నాను. మొన్న మలుపులో ఒక పాస్టరుగారిని గుద్దబోయాను కూడా.

ముసుగు సంగతి నాకు చెప్పకు. విల్మర్ ఒక ఏడు వేశాడు కదా! ఎనభై ఆరో సంవత్సరం చలికాలం. ఎక్కడినుంచో నీలం ప్లాస్టిక్ పట్టా తెచ్చి, పందిని సంతకి కట్టినట్టు తాళ్ళతో కట్టాడు. గాలి వీస్తే చాలు, అది చప్పట్లు కొట్టేది. ఆదివారం చర్చి మెట్ల మీద ఎవరో అడిగారు, మీ పెరట్లో ఆ నీలంది ఏమిటని. "ఏనుగు, జ్వరమొచ్చి పడుకుంది, మావారు దుప్పటి కప్పారు" అన్నాను నేను. మెట్ల మీద ఉన్నవాళ్ళంతా పొట్టలు పట్టుకున్నారు. విల్మర్ కూడా నవ్వాడు.

వసంతంలో విప్పి చూద్దుం గదా, లోపల పరుపు నల్లగా బూజు. తాళ్ళు ఒరుసుకొని రంగు చారలు చారలుగా లేచిపోయింది. పొయ్యి దగ్గర నేను చేతికి తొడుక్కునే సంచిలో ఎలుక ఆరు పిల్లల్ని పెట్టింది. ప్లాస్టిక్‌ కింద చెమ్మ ఎక్కడికి పోతుంది చెప్పు? మా తమ్ముడి మాట నిజం.

ఎల్డన్‌కి ఉత్తరం రాశాను. నువ్వడిగావని చెప్పలేదులే, భయపడకు. కానీ నువ్వడిగింది కూడా రాయలేదు. "నీ కప్పు నువ్వు చూసుకో, ముసుగుల జోలికి పోకు" అని రాశాను. వాడికి ఆ బండి తప్ప ఇంకేం సరదా ఉంది?

కెటిల్ నీ దగ్గరే ఉంచుకో. నాకు ఇక్కడ కాఫీ తాగే తోడు లేదు.

ఫెర్న్


మిడిల్‌బరీ
అక్టోబరు 14

ఫెర్న్ వదినకు,

మీ ఉత్తరం వచ్చింది, ఆయన ఉత్తరమూ వచ్చింది. ఆయన దాన్ని రాత్రి భోజనం దగ్గర మూడుసార్లు పైకి చదివాడు. "చూశావా, అక్క కూడా నా వైపే" అన్నాడు. బంగాళాదుంపలు ఇంకోసారి వడ్డించాను.

మీ మీద నాకు కోపం లేదు. మీరు మంచికే రాశారు.

మొన్న శనివారం ఎక్కాడు. నేను కింద నిచ్చెన పట్టుకొని నిలబడ్డాను. పైనుంచి ఆయన మోకాళ్ళ చప్పుడు, లప్పం గీకే చప్పుడు వినబడుతుంటే డెబ్బై రెండో సంవత్సరం గుర్తొచ్చింది. అప్పుడు ఫ్యాక్టరీలో ముగ్గురు మనుషులు ముప్పావు గంటలో ఒక కప్పు ముగించేవారు. చివరి అతుకు ఎల్డన్‌దే. లప్పం గట్టిపడకముందే వెనకవైపు ఎడమ మూలలో బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కేవాడు. మేస్త్రీ రెండుసార్లు తిట్టి ఊరుకున్నాడు. మన సంఘంలో గొప్పలు చెప్పుకోవడం తప్పు, అందుకే ఆయన ఎవరికీ చెప్పలేదు. పెళ్ళయిన ఆరేళ్ళకి నాకు చెప్పాడు, అదీ చెవులెర్రబడి. ఈ దేశంలో ఎన్ని వేల కప్పుల మీద ఆయన వేలు ఉందో.

మా బండి అలాగే దొరికింది. సామాను మోసే యంత్రం తగిలి పక్కరేకు సొట్టపడితే, సగం ధరకు ఇస్తాం, పనివాళ్ళలో ఎవరికైనా కావాలా అన్నారు. ఎల్డన్ ముందు సొట్ట చూడలేదు. పైకెక్కి ఎడమ మూల చూశాడు. తన వేలే. అప్పుడు కొన్నాడు.

శనివారం పని అయ్యాక కిందికి వచ్చి బండి మెట్టు మీద కూర్చున్నాడు. అరగంట కూర్చున్నాడు. కాఫీ తెచ్చి, ఏమైంది అని అడిగాను. "మేపుల్ చెట్టు ఎర్రబడింది కదా, చూస్తున్నా" అన్నాడు.

వదినా, ఆ చెట్టు ఆయన వెనకాల ఉంది.

ఇంకా రాయాలని ఉంది, రాయకూడదు. ఒక సంగతి ఎవరికీ చెప్పనని ఒకరికి అవునన్నాను. మనం ఒట్లు పెట్టుకునేవాళ్ళం కాదు, కాబట్టి మన అవును ఒట్టుకన్నా గట్టిది. నా కోసం ప్రార్థన చేయండి.

వెర్డా


సరసోటా
అక్టోబరు 23

వెర్డా,

చెట్టు వెనకాల ఉందన్న మాట నాలుగుసార్లు చదివాను.

నువ్వు ఎవరికి అవునన్నావో, దేనికన్నావో నేను అడగను. మా నాన్న సంగతి ఒకటి రాస్తాను, విను.

నాన్న సంఘంలో పాట ఎత్తేవాడని నీకు తెలుసు. అందరికన్నా పొడుగు. నిలబడితే ముందు బల్లవాళ్ళు మెడ ఎత్తి చూసేవారు. యాభై అయిదు దాటాక పాట పాడేటప్పుడు ముందున్న బల్ల అంచు పట్టుకోవడం మొదలుపెట్టాడు. ముందు ఒక చెయ్యి, తర్వాత రెండూ. చెవిలో ఏదో హోరు, ఉన్నట్టుండి లోకం గిర్రున తిరిగేది. అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అమ్మ అవునన్నట్టుంది, నీలాగే. ఒకరోజు గడ్డి అటక మీదనుంచి పడ్డాడు. నాకు పద్దెనిమిది, ఎల్డన్‌కి పన్నెండు. వాడు కిందే ఉన్నాడు, చూశాడు. ఆ తర్వాత నాన్న బతికిన పదేళ్ళూ కర్రతోనే. పాట ఇంకొకరు ఎత్తారు.

ఇప్పుడు నిన్ను ఒక్కటే అడుగుతాను. ఇది రహస్యం కాదు, ఆదివారం చర్చిలో మూడువందల మంది చూసేదే. పాట పాడేటప్పుడు మా తమ్ముడు ఎలా నిలబడుతున్నాడు?

ఫెర్న్


మిడిల్‌బరీ
నవంబరు 6

ఫెర్న్ వదినకు,

కూర్చొని పాడుతున్నాడు.

ఆగస్టులో ఒక చేత్తో పట్టుకున్నాడు. సెప్టెంబరులో రెండు చేతులు. ఇప్పుడు మోకాలు నొప్పి అని అందరితో చెప్పి కూర్చొనే పాడుతున్నాడు. గొంతు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

సోమవారం మా దగ్గర మొదటి మంచు పడింది. నేను వంటింట్లో ఆపిల్ ముక్కలు ఉడకబెడుతున్నాను. బయట చీపురు చప్పుడు వినబడుతోంది. కాసేపటికి ఆగింది. పొయ్యి ఆర్పి బయటికి వెళ్ళాను. చీపురు కింద మంచులో పడి ఉంది. ఆయన కప్పు మీద బోర్లా పడుకొని, గాలి ఆడడానికి కప్పుకి పెట్టిన గాలిగూడు అంచు రెండు చేతులా పట్టుకొని ఉన్నాడు.

"ఎల్డన్, ఏం చేస్తున్నావు?"

"అతుకు చూస్తున్నా."

"బోర్లా పడుకొనా?"

"దగ్గరగా చూడాలి. నువ్వు లోపలికి పో, చలి."

నేను నిచ్చెన ఎక్కాను. నేను ఆ నిచ్చెన ఎక్కడం అదే మొదలు. స్టూలెక్కి అటక మీద డబ్బా తీయాలన్నా నాకు కాళ్ళు వణుకుతాయని మీకు తెలుసు. పై మెట్టు దాకా వెళ్ళి, చెయ్యి చాపితే ఆయన కాలి మడమ అందింది. పట్టుకున్నాను.

"నువ్వెక్కావా?" అన్నాడు తల తిప్పకుండా. "ఆ గౌనుతోనా?"

"వేరే బట్టలు లేవు మరి."

"పడతావు వెర్డా."

"నువ్వు కదలకపోతే నేను పడను. కదలకు."

అది తగ్గేదాకా ఉండాలి, ఇంకో మార్గం లేదు. ఒక్కోసారి పది నిమిషాలు, ఒక్కోసారి గంట. నాకు ఏం చేయాలో తోచక, సరస్సు దగ్గర సాయంత్రాలు మనం నలుగురం పాడుకునే పాట మెల్లగా ఎత్తాను. రెండో చరణంలో ఆయన తన గొంతు కలిపాడు, చెంప రేకు మీద ఆనించి. మీ గొంతు, విల్మర్ అన్నయ్య గొంతు ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. అయినా ఆరు చరణాలూ పాడాం. నా కళ్ళెదురుగా ఎడమ మూల ఉంది. లప్పంలో ఆయన బొటనవేలు, గీతలతో సహా, పంతొమ్మిదేళ్ళనాటిది. నేను దాన్ని చూడడం అదే మొదటిసారి.

తర్వాత ఆయన అంగుళం అంగుళంగా జరిగి దిగాడు. ఆపిల్ ముక్కలు తిన్నాం.

ఇది చర్చిలో మూడువందల మంది చూసింది కాదు, నేనొక్కదాన్నే చూసింది. రాయవచ్చో లేదో తెలియదు. చెప్పవద్దని ఆయన అన్నది డాక్టరు మాట గురించి, కప్పు గురించి కాదు అని నాకు నేను చెప్పుకుంటున్నాను.

అదిగో, డాక్టరన్న మాట చెప్పేశాను. కొట్టేయవచ్చు. కానీ కొట్టేస్తే అది కూడా అబద్ధమే అవుతుంది. అలాగే ఉంచుతున్నాను. దేవుడు నన్ను క్షమించుగాక. ఈ చలికాలం ఇంకా మొదలే కాలేదు వదినా. మంచి మాటతో ఆపలేను, నిచ్చెన దాచలేను. ఆయన పడతాడు.

వెర్డా


సరసోటా
నవంబరు 14

వెర్డా,

తప్పు నీది కాదు, నాది. నువ్వు నోరు విప్పి అడిగిన మొదటి కోరిక అది, నేను నవ్వాను.

నీకు ఒక అబద్ధం రాశాను. ఏనుగుకి జ్వరం అన్నప్పుడు విల్మర్ కూడా నవ్వాడని రాశాను. నవ్వలేదు. టోపీ సర్దుకొని, కారు దగ్గరికి ముందే వెళ్ళి కూర్చున్నాడు.

ఆ నీలం పట్టా విల్మర్ తెలివితక్కువగా వేసింది కాదు. ఆ శరదృతువుకి అతని గుండె రెండు మెట్లు కూడా ఎక్కనివ్వడం లేదు. నాకు చెప్పలేదు. ముసుగు వేస్తే పైకెక్కే పని తప్పుతుందని వేశాడు. నేనేమో ఊరందరి ముందు ఆ ముసుగుని ఎగతాళి చేశాను. వసంతంలో బూజు చూసి ఇంకా చేశాను. ఆ ఏటి అక్టోబరులో, నీకు గుర్తుంది కదా, మళ్ళీ పట్టా కట్టలేదు. ఎక్కాడు. పడలేదు, దిగాడు. దిగిన వారానికి పోయాడు. గుండె జబ్బు మందు సీసా ఆదివారం కోటు జేబులో దొరికింది. ఎక్కినందుకే పోయాడా అని డాక్టరుని అడిగాను. చెప్పలేమమ్మా అన్నాడు. నేను ఇక్కడికి వచ్చేసింది ఎండ కోసం కాదు, ఆ చర్చి మెట్లు చూడలేక.

ఇదంతా, ఒక్క అక్షరం మార్చకుండా, ఎల్డన్‌కి కూడా రాశాను. నీ పేరు అందులో లేదు.

ఇక పని మాట. ప్లాస్టిక్ వద్దు. గుడ్డ కావాలి, మందపాటి క్యాన్వాస్, ఊపిరి పీల్చేది. తాళ్ళు రేకుకి తగలకూడదు. మూలల్లో పాత దుప్పటి ముక్కలు పెట్టు. లోపల గాలిగూళ్ళు కాస్త తెరిచి ఉంచు. అంత పెద్దది ఎవరు కుడతారు అంటావా? మీ చర్చి కింద గదిలో బుధవారం బుధవారం బొంతలు కుట్టే పన్నెండు మంది ఆడవాళ్ళు ఉండగా నీకేం లోటు?

మీ నేలమాళిగలో విల్మర్ తన తేనెటీగల పెట్టెలనుంచి తీసిన తేనెమైనం డబ్బాలు రెండున్నాయి, నేను వదిలి వచ్చినవి. దారానికి పట్టించుకోండి, గట్టిగా ఉంటుంది.

ఫెర్న్


మిడిల్‌బరీ
డిసెంబరు 12

ఫెర్న్ వదినకు,

చాలా రాయాలి. పొయ్యి మీద ఏమీ లేదు, ఆయన కొట్టంలో ఉన్నాడు, తీరిగ్గా రాస్తాను.

మీ ఉత్తరం ఆయన తపాలా పెట్టె దగ్గరే నిలబడి చదివాడు. మంచు పడుతున్నా కదల్లేదు. లోపలికి వచ్చి కోటు జేబులో పెట్టుకున్నాడు. ఈసారి పైకి చదవలేదు. మూడో రోజు పొద్దున రొట్టె మీద వెన్న రాసుకుంటూ, "ఏ గుడ్డ?" అన్నాడు.

"క్యాన్వాస్" అన్నాను.

"ఊఁ" అన్నాడు. అంతే.

సాయంత్రం గోధుమరంగు కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాడు. కప్పు పొడవు, వెడల్పు, గాలిగూళ్ళు రెండు, పొగగొట్టం, వెనక వంపు, అన్నీ. కొలతబద్ద పట్టుకోలేదు. ఆ కప్పు మొత్తం ఆయన తలలోనే ఉంది.

బుధవారం ఆడవాళ్ళు ఎందుకని అడగలేదు. బల్లలు గోడవారకి జరిపి, గుడ్డ నేలంతా పరిచాం. ఇడా పెద్దమ్మ తెలుసుగా, ఎనభై నాలుగేళ్ళు, ఇప్పటికీ కళ్ళద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తుంది. ఆమే పెద్ద. కప్పు మీద గుడ్డ ఒరుసుకోకుండా లోపల మెత్తటి గుడ్డ ఒక పొర వేద్దామంది. రెండు పొరలు కదలకుండా ఉండాలి కదా. మన చేతులకి తెలిసిన పని ఒక్కటే. బొంత కుట్టినట్టు, ఆ చివరనుంచి ఈ చివరికి, వరసలు వరసలుగా కుట్టాం. మూడు బుధవారాలు. వేళ్ళు పుండ్లు పడ్డాయి. చూస్తే ఎంత అందంగా ఉందో వదినా! అంత పెద్ద బొంత ఈ జిల్లాలో ఎవరూ చూసి ఉండరు.

మూడో బుధవారం నాలుగింటికి ఎల్డన్ నన్ను తీసుకెళ్ళడానికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి చూశాడు. తర్వాత వంగి ఒక వరస మీద వేలు నడిపాడు.

"ఇడా పెద్దమ్మా, అంగుళానికి ఎన్ని కుట్లు?"

"ఎనిమిది" అంది ఆమె, తల ఎత్తి. "ఆ మూల కుర్రపిల్లలు కుట్టారు, అక్కడ ఏడు."

"అంటే అంగుళానికి ఎనిమిది చిల్లులు."

గదిలో సూది పడితే వినబడేలా ఉంది. నిజంగానే ఒకామె సూది పడింది కూడా.

"ఇది ముసుగు కాదు పెద్దమ్మా, జల్లెడ."

"డెబ్బై ఏళ్ళుగా బొంతలు కుడుతున్నాను అబ్బాయ్. ఒక్కటీ కారలేదు."

"ఒక్కదాన్నైనా వానలో పరిచావా?"

పన్నెండు మంది ఆడవాళ్ళం, ఒక్కరికి తట్టలేదు. మేం కుట్టినవన్నీ మంచాల మీద పరిచేవే కదా. నాకు ఏడుపొచ్చింది. ఎల్డన్ టోపీ పెట్టుకొని బయటికి వెళ్ళిపోయాడు. కారు కదిలిన చప్పుడు వినబడింది. ఇక నేరుగా వెళ్ళి నిచ్చెన వేసుకుంటాడు అనుకున్నాను.

అరగంటకి తిరిగి వచ్చాడు. చేతిలో విల్మర్ అన్నయ్య మైనం డబ్బాలు, పాత గిన్నె, ఒక చిన్న కరెంటు పొయ్యి. మైనం కరగబెట్టి, ఒక మూల మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అప్పుడు అన్నాడు, ఎవరివైపూ చూడకుండా.

"నాకు చెవిలో జబ్బు. మా నాన్నకున్నదే. ఉన్నట్టుండి తల తిరుగుతుంది. డాక్టరు నిచ్చెన ఎక్కవద్దన్నాడు. నేను పైకి వెళ్ళలేను కాబట్టి, కప్పే కిందికి వచ్చినట్టుంది. కాస్త కాళ్ళు తీయండి."

ఇడా పెద్దమ్మ అంది, "నువ్వు కూర్చొని పాడిన రోజే మాకు తెలుసులే. మోకాలు నొప్పి అన్నవాడు కుంటాలి కదా? కానివ్వు, మైనం చల్లారుతోంది."

వదినా, నేనిచ్చిన అవునుని ఆయనే నాకు తిరిగి ఇచ్చేశాడు. నాలుగు నెలల బరువు దిగింది.

ఆ రోజూ, మర్నాడూ, ఒక్కో కుట్టు వరస మీద వేడి మైనం పూసి బొటనవేలితో రుద్దాడు. వేలు ఎక్కడా తప్పలేదు. తల తిరిగినప్పుడు పక్కనే నేల మీద పడుకునేవాడు. అక్కడినుంచి పడడానికి చోటు లేదు. ఆడవాళ్ళు ఆయన చుట్టూ దారాలు చుట్టుకుంటూ ఉండేవాళ్ళు. తగ్గగానే లేచి మళ్ళీ మొదలు. గదంతా తేనె వాసన. వేసవిలో విల్మర్ అన్నయ్య చొక్కా వాసన అలాగే ఉండేది, కాదూ?

చివరి వరస అయ్యాక, వెనకవైపు ఎడమ మూలలో ఒక్క నొక్కు నొక్కాడు. నేను చూశాను. చూడనట్టు ఊరుకున్నాను.

నిన్న సంఘం మగవాళ్ళు నలుగురు వచ్చి ముసుగు ఎక్కించారు. ఆయన కిందనుంచి అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు.

వెర్డా


సరసోటా
జనవరి 3, 1992

మరదలా,

నీ ఉత్తరం చదివి సైకిలెక్కి ఊరంతా తిరిగాను, ఎందుకో తెలియదు.

ఒక్కటి చెప్పు. చర్చి మెట్ల మీద ఎవరైనా ఆ ముసుగుని చూసి నవ్వారా? నవ్వితే పేరు రాయి. వాళ్ళమ్మ ఇక్కడే మూడో వీధిలో ఉంటుంది, నేను చూసుకుంటాను.

ఫెర్న్


మిడిల్‌బరీ
మే 2

ఫెర్న్ వదినకు,

ఎవరూ నవ్వలేదు. ఇద్దరు తమకూ ఒకటి కుట్టిపెట్టమని అడిగారు. కుట్లు తక్కువ, మైనం ఎక్కువ అని ఇడా పెద్దమ్మ ముందే ఖాయం చేసింది.

చలికాలమంతా మంచు పడినప్పుడల్లా ఆయన కిటికీ దగ్గర కూర్చొని బండిని చూసేవాడు. మొదట్లో కుర్చీలో కుదురుగా ఉండలేకపోయేవాడు. ఫిబ్రవరికి అలవాటయింది. మంచు ఆగాక వెళ్ళి, ఆవు వీపు తట్టినట్టు ముసుగుని ఒక్కసారి తట్టి వచ్చేవాడు. ఇప్పుడు ఆదివారం అందరికీ తెలిసే కూర్చొని పాడుతున్నాడు. మోకాలు నొప్పి పోయింది.

నిన్న విప్పాం. తలుపు తీయగానే పాత కాఫీ, పైన్ చెక్క, సరస్సు వాసన, అన్నీ అక్కడే ఉన్నాయి. పరుపు పొడిగా ఉంది. ఎలుక లేదు. ఆయన నన్ను నిచ్చెన ఎక్కించి, కప్పంతా తడిమి చెప్పమన్నాడు. తడిమాను. ఒకే ఒక్క చోట అరచేతి మేర తడి. ముసుగు తిరగేసి చూస్తే, సరిగ్గా ఎడమ మూల. నొక్కిన చోట మైనం పలచబడి, నీళ్ళు దిగాయి.

"మైనం లప్పం కాదు, నొక్కకూడదు" అన్నాడు, ఎవరికో పాఠం చెబుతున్నట్టు.

"మరి నొక్కావెందుకు?"

"చేతికి అలవాటు."

"ఈ అక్టోబరులో నొక్కవుగా?"

"నొక్కుతా. నువ్వు కింద ఒక గిన్నె పెట్టు" అన్నాడు.

జూలై రెండో వారం సరస్సు దగ్గర మన చోటే అడిగి ఉంచాం. దండెం కట్టడానికి ఎదురుగా బండి లేదు, చెట్టుకి కడతాను. కెటిల్ అక్కడే ఉంది. బస్సులో వచ్చేయండి, చిన్న మంచం మీకు. ఆ పాటలో పైగొంతు అయిదేళ్ళుగా ఖాళీ.

ఇంకొక్క మాట. నేను రాసిన ఈ కాగితాలు చింపేయకండి, దాచండి. ఇంత నిజం నేనెప్పుడూ ఎక్కడా రాయలేదు. కానీ ఎవరికీ చూపించకండి, ముఖ్యంగా ఎల్డన్‌కి. ఆ మంచు రోజు నిచ్చెన పైన నేను ధైర్యంగా నిలబడ్డానని ఆయన ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటున్నాడు. ఆయన కాలి మడమని నేను పట్టుకున్నది ఆయన పడకుండా ఉండడానికే కాదు, నేను పడకుండా ఉండడానికి కూడా. ఆ సంగతి ఈ కాగితానికీ మీకూ తెలిస్తే చాలు.

మీ మరదలు,
వెర్డా